పొత్తు కుదరని షట్టరు: పాతబస్తీ ముల్గీకీ స్మార్ట్ హోమ్‌కూ మధ్య దారి

తలుపును ఎత్తి దించే మోటారు ఒక కంపెనీది, ఇంట్లో దీపాలనూ ఫ్యాన్లనూ కెమెరాలనూ ఫోను నుంచి నడిపే స్మార్ట్ హోమ్ వ్యవస్థ ఇంకో కంపెనీది అయితే ఒకదాని మాట ఒకదానికి అర్థం కాదు. ఆ రెంటికీ పొత్తు కుదర్చడం చిన్న పనిలా కనిపిస్తుంది గాని, రేడియో, విద్యుత్తు, గణితం, చట్టం, ప్రాణభద్రత అన్నీ అందులో కలుస్తాయి. అమెరికాలో ఈ సమస్య కారు గ్యారేజీ తలుపు దగ్గర మొదలైంది. మనకు గ్యారేజీ అంటే బండి బాగుచేసే షెడ్డు. కారుకోసం ప్రత్యేకంగా గది, దానికి పైకి లేచే తలుపు ఉన్న ఇళ్లు హైదరాబాదు పాతబస్తీలో అరుదు. అక్కడ మోటారుతో లేచేది రోలింగ్ షట్టరు. కింద రోడ్డు వైపు ముల్గీ (దుకాణపు గది), పైన కాపురం ఉండే ఇళ్లలో దుకాణానికైనా, స్కూటర్లూ సరుకూ పెట్టుకునే చోటికైనా తలుపు అదే. గ్యారేజీ తలుపు నుంచి ప్రపంచం నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం షట్టరుకు పనికొస్తుంది. పనికిరాని భాగం కొద్దిదే అయినా, ప్రమాదమంతా అక్కడే ఉంది.

దర్వాజా, దిడ్డి, షట్టరు

తలుపులు వేసి తీయడం ఈ నగరానికి పాత విద్య. నగరం చుట్టూ రాతి ప్రాకారాన్ని 1724లో మొఘల్ సుబేదారు ముబారిజ్ ఖాన్ మొదలుపెట్టగా, 1740లో మొదటి నిజాం అసఫ్ జా పూర్తిచేశాడు. దానికున్న పదమూడు దర్వాజాల్లో ఇప్పుడు మిగిలినవి దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలు రెండే. పెద్ద దేవిడీల (నవాబుల భవనాల) వాకిళ్లలో ఒక రెక్కకు మనిషి వంగి దూరేంత దిడ్డి తలుపు ఉండేది. భారీ తలుపును ప్రతిసారీ కదల్చే అవసరం లేకుండా మామూలు రాకపోకలన్నీ దిడ్డిలోంచే సాగేవి. పెద్ద తలుపు మొరాయించినా మనిషి లోపలికీ బయటికీ తిరగడానికి ఇంకో దారి ఉండేది. ఈ దిడ్డి సంగతి మోటారు షట్టరు దగ్గర మళ్లీ అవసరపడుతుంది.

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు పాత వీధులను వెడల్పు చేసి కొత్త బజార్లు కట్టింది. పత్తర్‌గట్టి రాతి కమానుల వరుస ఆ కాలపు పనే. బట్టలు, అత్తర్లు, ముత్యాలు అమ్మే ఆ దుకాణాలకు ఇప్పుడు ఇనుప షట్టర్లున్నాయి. ఇక మోటారు బండ్లకు సొంత నీడ అంటే ఆ రోజుల్లో నిజాముల్లాంటి వాళ్ల సంగతే. చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్టును ఇప్పటికీ చూడవచ్చు. పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టలకోసం కట్టిన రెండంతస్తుల చెక్క బీరువాల వరుసలో చేత్తో తిప్పే లిఫ్టు ఉంది. కరెంటుతో నిమిత్తం లేకుండా బరువును ఎత్తే ఆ ఏర్పాటును షట్టర్లు బిగించేవాళ్లు ఒకసారి చూసిరావడం మంచిది.

చేత్తో గుంజే షట్టరులో, పైనున్న పైపు లోపల స్ప్రింగులుంటాయి. దించినప్పుడు అవి బిగుసుకుంటాయి. ఎత్తేటప్పుడు ఆ బిగువే బరువులో చాలా భాగం మోస్తుంది. అందుకే ఒక్క మనిషి కొక్కెం కర్రతో అంత ఇనుమును లేపగలడు. లోహపు షట్టర్లకు మన దేశంలో ఐఎస్ 6248 అనే ప్రమాణం ఉంది. మోటారు పెట్టేటప్పుడు రెండు పద్ధతులున్నాయి. చిన్న షట్టరుకు పైపులోనే ఇమిడే గొట్టం మోటారు పెడతారు. పెద్దదానికి ఒక పక్క బిగించి గొలుసుతో పైపును తిప్పే మోటారు వాడతారు. పక్క మోటార్లను ఎత్తగల బరువునుబట్టి, 300 కిలోలు, 600 కిలోలు అంటూ అమ్ముతారు. పక్క మోటారు పెట్టాక చాలాచోట్ల స్ప్రింగు ఉండదు. మొత్తం బరువును మోటారు గేరూ బ్రేకూ ఆపుతాయి.

గ్యారేజీ తలుపుకూ షట్టరుకూ అసలు తేడా భద్రత దగ్గర మొదలవుతుంది. అమెరికాలో సి.జి. జాన్సన్ 1921లో పైకి లేచే గ్యారేజీ తలుపును, 1926లో దానికి విద్యుత్ ఓపెనర్‌నూ తయారుచేశాడు. తర్వాతి దశాబ్దాల్లో దిగే తలుపు కింద నలిగి పిల్లలు చనిపోయారు. దాంతో 1993 జనవరి 1 నుంచి తయారయ్యే ప్రతి ఇంటి ఓపెనరుకూ, అడ్డు తగిలితే తిరిగి పైకి లేచే గుణంతో పాటు, కాంతి కిరణంతోనో అంచు సెన్సారుతోనో అడ్డును పసిగట్టే ఏర్పాటునూ ఆ దేశపు చట్టం తప్పనిసరి చేసింది. మన బజారులో అమ్ముడయ్యే మామూలు షట్టరు మోటారుతో ఈ ఏర్పాటు రాదు. విడిగా అడిగి పెట్టించుకోవాలి. అలాంటి మోటారుకు కింద బల్ల ఉందో, సరుకు మూట ఉందో, మనిషి ఉన్నాడో తెలియదు. అడుగుకు చేరాక మోటారును ఆపే లిమిట్ స్విచ్చు తగిలేదాకా దిగడమే దాని పని.

రిమోట్ మాట్లాడే భాష

పొత్తు కుదరకపోవడానికి మొదటి కారణం రేడియో. అమెరికా గ్యారేజీ రిమోట్లలో 315, 390 మెగాహెర్ట్జ్ లాంటి తరంగాలు వాడుకలో ఉన్నాయి. మన షట్టరు రిమోట్లు ఎక్కువగా 433.92 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడ్డ పిల్లలు సెలవులకు వస్తూ తమ ఇంటి గ్యారేజీ ఓపెనరు లాంటిదాన్ని పెట్టెలో తెచ్చినా ఇక్కడ ఉపయోగం ఉండదు. అది 120 వోల్టుల, 60 హెర్ట్జ్ కరెంటుకు చేసిన యంత్రం. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. పైగా అది స్ప్రింగు మోసే తేలికపాటి తలుపును పట్టాల మీద లాగడానికి చేసింది, ఇనుప చుట్టను తిప్పడానికి కాదు.

రెండో కారణం సంకేతం. పాత తరహా రిమోట్ ఎప్పుడు నొక్కినా ఒకే సంఖ్యను పంపుతుంది. చవక కంట్రోలు డబ్బాల్లో ఇప్పటికీ కనిపించే ఈవీ1527 తరహా చిప్పులో 20 బిట్ల గుర్తింపు సంఖ్య ఉంటుంది, అంటే 10,48,576 రకాలు. రకాలెన్ని ఉన్నా ఒక రిమోట్‌కు సంఖ్య ఒక్కటే, అది మారదు. కాబట్టి బ్రాడ్‌లింక్ ఆర్‌ఎం4 ప్రో లాంటి రేడియో బ్రిడ్జి ఒకసారి ఆ సంకేతాన్ని విని గుర్తుపెట్టుకుంటే చాలు, ఫోను నుంచి ఎన్నిసార్లైనా పలికించవచ్చు. స్మార్ట్ హోమ్‌కు కలపడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. నా దృష్టిలో ఇంతకంటే చెడ్డ దారి కూడా లేదు. బ్రిడ్జి వినగలిగిన సంకేతాన్ని పక్క సందులో నిలబడ్డవాడి పరికరమూ వినగలదు.

వినాల్సిన అవసరం కూడా లేదని 2015లో శామీ కామ్‌కార్ అనే అమెరికన్ భద్రతా పరిశోధకుడు చూపించాడు. ఒక ఆటబొమ్మ మెసెంజర్‌ను మార్చి, మారని సంకేతంతో పనిచేసే గ్యారేజీ తలుపును పది సెకన్లలోపు తెరిచాడు. అందులోని కిటుకు ఛందస్సు చదివిన తెలుగువాళ్లకు పరిచయమైనదే. మూడేసి అక్షరాల గణాలు ఎనిమిది. వాటిని విడివిడిగా రాస్తే 24 అక్షరాలు. య, మా, తా, రా, జ, భా, న, స, ల, గం అనే పది అక్షరాల సూత్రంలో ఏ మూడు వరుస అక్షరాలు తీసుకున్నా ఒక గణం వస్తుంది. మొదటి మూడు కలిపితే య గణం, ఒక అక్షరం జరిగితే మ గణం, ఇంకో అక్షరం జరిగితే త గణం. గురులఘువుల స్థానంలో ఒకట్లూ సున్నాలూ పెడితే, గణితజ్ఞులు డి బ్రైన్ వరుస అని పిలిచేది ఇదే. పాత రిసీవర్లు కూడా వచ్చే బిట్లను అలా ఒక్కొక్కటే జరుపుకుంటూ పోలుస్తాయి. ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది అని చూడవు. 12 బిట్ల సంకేతాలు 4,096. అన్నిటినీ విడివిడిగా పంపితే 49,152 బిట్లు. సూత్రంలా అల్లి పంపితే 4,107 చాలు. మన ఛందోవేత్తలు జ్ఞాపకం కోసం కట్టిన అల్లిక తలుపు తాళానికి ఇలా తగులుతుందని ఎవరూ ఊహించి ఉండరు.

ఈ బలహీనతకు విరుగుడుగా వచ్చిందే రోలింగ్ కోడ్. నొక్కిన ప్రతిసారీ రిమోట్ కొత్త సంఖ్య పంపుతుంది. వాడిన సంఖ్యను రిసీవరు మళ్లీ ఒప్పుకోదు. 1980లలో దక్షిణాఫ్రికాలోని నానోటెక్ రూపొందించిన కీలాక్ ఈ పద్ధతిలో బాగా వ్యాపించింది. 1995లో దాన్ని మైక్రోచిప్ సంస్థ కొన్నది. 2008లో జర్మనీలోని బోకుమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చిప్పు వాడే విద్యుత్తును కొలిచి దాని రహస్య తాళంచెవిని బయటికి లాగారు. అయినా మారని సంకేతంతో పోలిస్తే ఇది ఎంతో మెరుగు. అయితే స్మార్ట్ హోమ్ బ్రిడ్జి నేర్చుకున్న సంఖ్య రెండోసారికి చెల్లదు. దుకాణదారు “రిమోట్ పనిచేస్తోంది, ఫోను పనిచేయడం లేదు” అని తల పట్టుకునేది ఈ ఘట్టంలోనే. పరికరం చెడిపోలేదు, దాన్ని ఎలా పనిచేయాలని చేశారో అలాగే పనిచేస్తోంది.

కంపెనీ సర్వరు చేతిలో తాళంచెవి

మూడో కారణం వ్యాపారం. తలుపు తయారీదారులు తమ యాప్ ద్వారా, తమ సర్వరు ద్వారా మాత్రమే తలుపును నడవనిస్తే, ఇతర వ్యవస్థలు వాళ్ల అనుమతి కోసం కాచుకోవాలి. గ్యారేజీ ఓపెనర్లలో పేరున్న చాంబర్లేన్ కథ దీనికి ఉదాహరణ. తన రోలింగ్ కోడ్ ఓపెనర్లకు పనికొచ్చే రిమోట్‌ను స్కైలింక్ అనే చిన్న సంస్థ అమ్ముతోందని చాంబర్లేన్ దావా వేసింది. 2004లో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానం స్కైలింక్ పక్షాన తీర్పిచ్చింది. కాపీహక్కుకు భంగం కలిగించని చోట, కొన్నవాడు తన వస్తువును వాడుకోవడానికి డిజిటల్ కాపీహక్కు చట్టాన్ని అడ్డుపెట్టకూడదన్నది ఆ తీర్పు సారం.

రిమోట్ విషయంలో కోర్టు ఇచ్చిన ఆ హక్కు ఇంటర్నెట్ కాలానికి అక్కరకు రాలేదు. 2023 నవంబరులో చాంబర్లేన్, ఫోను నుంచి తలుపును నడిపే తన మైక్యూ సేవకు అనధికారికంగా అనుసంధానమయ్యే దారులను మూసేసింది. ఇళ్లలోని పరికరాలన్నిటినీ ఒకచోట కలిపే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ హోమ్ అసిస్టెంట్, 2023 డిసెంబరు విడుదలలో మైక్యూ అనుసంధానాన్ని తొలగించక తప్పలేదు. ఇంట్లో తలుపు, ఇంట్లో ఫోను, రెంటి మధ్య దూరం పదడుగులు. వాటి మధ్య మాట మాత్రం ఎక్కడో ఉన్న సర్వరు దయ మీద ఆధారపడింది. అప్పుడు చాలామంది ర్యాట్‌గీడీఓ అనే చిన్న బోర్డు వైపు తిరిగారు. అది సర్వరు జోలికి పోదు. ఓపెనరు నుంచి గోడ స్విచ్చుకు వెళ్లే తీగల మీదే ఆ కంపెనీ సంకేత భాషను మాట్లాడుతుంది.

సర్వరు మీద ఆధారపడటంలో ఇంకో అపాయం ఉంది. నెక్స్ అనే సంస్థ గ్యారేజీ కంట్రోలర్లన్నిటికీ సర్వరు ఒకటే సంకేతపదం వాడుతోందని 2023 ఏప్రిల్‌లో బయటపడింది. దాన్ని కనిపెట్టిన పరిశోధకుడి అంచనాలో 40 వేలకు పైగా పరికరాలు ప్రమాదంలో ఉన్నాయి. ఎవరి తలుపునైనా ఎవరైనా, ఏ దేశం నుంచైనా తెరవగలిగే లోపం అది.

కంపెనీలన్నీ ఒకే భాష మాట్లాడాలన్న ప్రయత్నం మ్యాటర్ ప్రమాణం. యాపిల్, గూగుల్, అమెజాన్, శామ్‌సంగ్ కూడి వచ్చిన దీని మొదటి రూపం 2022 అక్టోబరులో విడుదలైంది. అందులో కిటికీ తెరలు ఉన్నాయి గాని గ్యారేజీ తలుపులు లేవు. 2025 నవంబరులో వచ్చిన 1.5 రూపంలో తలుపులూ గేట్లూ చేరాయి. ఇప్పటికే గోడకు బిగించి ఉన్న మోటార్లకు దానివల్ల నేరుగా ఒరిగేదేమీ లేదు. నగరంలోనే, ట్రిపుల్ ఐటీ హైదరాబాదు స్మార్ట్ సిటీ ప్రయోగశాలలో వేర్వేరు తయారీదారుల సెన్సార్లను వన్‌ఎంటూఎం అనే ఉమ్మడి ప్రమాణంతో కలిపి పరీక్షిస్తున్నారు. సమస్య ఇంటి తలుపుతో ఆగదని దీన్నిబట్టి తెలుస్తుంది.

రెండు తీగల దారి

రేడియోనూ సర్వరునూ దాటి నిలిచే దారి ఒకటుంది. దాదాపు ప్రతి షట్టరు కంట్రోలు డబ్బాకూ గోడ స్విచ్చు ఉంటుంది: ఎత్తు, ఆపు, దించు. ఆ బటన్ చేసే పని రెండు తీగలను క్షణం పాటు తాకించడమే. ఆ బటన్‌కు సమాంతరంగా రిలే అనే చిన్న విద్యుత్ స్విచ్చును బిగించి, అరసెకను మూసి తెరిస్తే చాలు. వేలు నొక్కిందా, రిలే నొక్కిందా అన్న తేడా డబ్బాకు తెలియదు. రిలే తనవైపు నుంచి కరెంటు పంపకూడదు, తాకించాలంతే. ఎలక్ట్రీషియన్లు దీన్ని డ్రై కాంటాక్ట్ అంటారు. షెల్లీ లాంటి తయారీ రిలేలు ఉన్నాయి. లేదా ఈఎస్‌పీ32 బోర్డూ రిలేనీ విడిగా కొని, ఈఎస్‌పీహోమ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవచ్చు. మూసీ దాటి కోఠీ గుజరాతీ గల్లీకి వెళితే ఇలాంటి విడిభాగాలు దొరుకుతాయి.

గోడ స్విచ్చు కూడా సంకేత భాషలో మాట్లాడే రకమైతే తీగలు తాకించినా తలుపు కదలదు. అప్పుడు అదనపు రిమోట్ ఒకటి కొని, దాన్ని షట్టరుకు పరిచయం చేసి, మూత విప్పి, బటన్ రెండు కొసలకూ రిలే తీగలు సోల్డరింగ్ చేయాలి. రోలింగ్ కోడ్ భద్రత చెక్కుచెదరదు, ఎందుకంటే కొత్త సంఖ్యను పుట్టించేది ఆ రిమోటే. మొబైల్ రిపేరు చేసే కుర్రాడికి ఇది పావుగంట పని. చూడటానికి అతుకులా ఉంటుంది గాని, ఏ కంపెనీ కొత్త అప్‌డేటూ దీన్ని చెడగొట్టలేదు.

కంట్రోలు డబ్బా లేని గొట్టం మోటారు సంగతి వేరు. దానికి నాలుగు తీగలు: న్యూట్రల్, ఎర్త్, ఎత్తడానికి ఒక ఫేజు తీగ, దించడానికి ఇంకొకటి. రెండు ఫేజు తీగలకూ ఒకేసారి కరెంటు ఇస్తే వైండింగు కాలిపోతుంది. కాబట్టి ఒకటి వెలిగితే రెండోది వెలగకుండా అడ్డుకునే ఇంటర్‌లాక్ ఉన్న జంట రిలేనే వాడాలి. రెండు విడి స్మార్ట్ స్విచ్చులు బిగించి “జాగ్రత్తగా వాడండి” అని చెప్పి వెళ్లడం తప్పు. రిలే మీద 10 ఆంపియర్లు అని రాసి ఉన్నా, అది హీటర్ల లాంటివాటి లెక్క. మోటారు ఆగేటప్పుడు లేచే నిప్పురవ్వ కాంటాక్టులను అతికించేస్తుంది. పెద్ద పక్క మోటారుకు, అలాంటి భారాన్ని తట్టుకునే పెద్ద రిలే, అంటే కాంటాక్టరు, తప్పదు.

కలిపేవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఇంకొకటుంది: షట్టరు ఇప్పుడు ఎక్కడుంది? ఒకే బటన్‌తో ఎత్తు, ఆపు, దించు వంతులవారీగా తిరిగే డబ్బాల్లో, ఫోను “మూసెయ్” అని పంపిన మాట “తెరువు” అయి కూర్చోవచ్చు. ఎవరైనా గోడ స్విచ్చు నొక్కి ఉంటే యాప్ లెక్క తప్పుతుంది. అందుకే షట్టరు అడుగు పట్టీకి అయస్కాంతం, గైడు చట్రంలో కిందొకటీ పైనొకటీ, అయస్కాంతం దగ్గరికి వస్తే తగిలే రీడ్ స్విచ్చులు పెట్టాలి. కింది స్విచ్చు తగిలితే మూసినట్టు, పైది తగిలితే తెరిచినట్టు, రెండూ తగలకపోతే మధ్యలో ఆగినట్టు. పంపిన ఆజ్ఞను కాక ఈ సెన్సారు చెప్పిన మాటను నమ్మేలా వ్యవస్థను అమర్చాలి.

గల్లీలో పరీక్ష

పాతబస్తీ పరిస్థితులు ఈ పనికి కొన్ని ప్రత్యేకమైన చిక్కులు తెస్తాయి. పాత గోడలు మందమైన రాయీ సున్నమూ. వాటిలోంచి వైఫై బలహీనపడి వెళుతుంది. పైగా షట్టరే ఒక ఇనుప తెర, అది దిగినప్పుడు బయటి సిగ్నలు లోపలికి రావడం కష్టం. రిలేను ఇనుప డబ్బాలో పెట్టి మూసేస్తే ఇక చెప్పనక్కర్లేదు. ప్లాస్టిక్ డబ్బా వాడటం, రూటరును షట్టరుకు లోపలి వైపే ఉంచడం చిన్న ఖర్చుతో అయ్యే పని. ఇరుకు గల్లీలో పది ఇళ్ల రూటర్లు ఒకదాని మీద ఒకటి మాట్లాడతాయి కనుక 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో 1, 6, 11 ఛానళ్లలో ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి.

కరెంటు పోయినప్పుడు దిడ్డి గుర్తొస్తుంది. మోటారును చేత్తో తిప్పే గొలుసు లోపలి వైపు ఉంటుంది. దుకాణానికి ఆ షట్టరే ఏకైక ద్వారమైతే, యజమాని బయట, గొలుసు లోపల. వెనక తలుపైనా ఉండాలి, బయటి నుంచి తాళంతో విడిపించే ఏర్పాటైనా ఉండాలి, లేదా మోటారుకు సరిపడే బ్యాకప్ అయినా ఉండాలి. కరెంటు తిరిగి వచ్చిన క్షణంలో రిలే తనంతట తాను మూసుకోకుండా దాని అమరికను “ఆఫ్” మీదే ఉంచాలి. లేకపోతే అర్ధరాత్రి ఎవరూ లేనప్పుడు షట్టరు లేచి నిలబడుతుంది.

వేళ పెట్టి తెరిచే, మూసే ఏర్పాటు కూడా ఇక్కడ కుదరదు. రంజాన్ రాత్రుల్లో చార్మినార్ చుట్టుపక్కల బజారు సహరీ (తెల్లవారుజాము భోజనం) దాకా మేలుకుని ఉంటుంది. ఆ నెల ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది. శుక్రవారం జుమా నమాజు వేళ చాలా షట్టర్లు సగం దిగుతాయి. ఆషాఢంలో లాల్‌దర్వాజా బోనాలు, ముహర్రంలో దబీర్‌పురా నుంచి కదిలే బీబీకా ఆలం, గణేశ నిమజ్జనం నాటి ఊరేగింపులు: ఒక్కో రోజు ఒక్కో వేళకు దుకాణం బంద్ అవుతుంది. రాత్రి పదికి మూసెయ్ అని యంత్రానికి చెప్పి పెడితే, రంజాన్‌లో కొనుగోలుదారుల నెత్తిన దిగుతుంది.

నెత్తిన దిగడం మాటవరసకు అన్నది కాదు. లాడ్‌బజార్‌లో గాజుల దుకాణం మెట్టు మీదే బేరం జరుగుతుంది. షట్టరు గీతకు అటూ ఇటూ మనుషులు కూర్చుంటారు, పిల్లలు ఆడుకుంటారు. యూరప్‌లో ఈఎన్ 12453 ప్రమాణం ప్రకారం, అడ్డును పసిగట్టే రక్షణ లేని మోటారు తలుపును, ఎదురుగా నిలబడి చూస్తూ బటన్‌ను నొక్కి పట్టుకున్నంతసేపే నడపాలి. వేలు తీస్తే తలుపు ఆగిపోవాలి. ఎవరూ చూడకుండా దూరం నుంచి నడిపే గ్యారేజీ తలుపు కదిలే ముందు మోత మోగించి, దీపం వెలిగించాలన్నది అమెరికా నియమం. ఫోను నుంచి తెరిస్తే పోయేది సరుకు. చూడకుండా దించితే పోయేది ప్రాణం.

ఈ పని చేయించుకోదలచిన పాతబస్తీ దుకాణదారులకూ ఇంటివాళ్లకూ ఒక మనవి. మోటారు కొనేటప్పుడే గోడ స్విచ్చుకు డ్రై కాంటాక్ట్ బిగింపులు ఉన్నాయా, రిమోట్ రోలింగ్ కోడ్ రకమేనా, బయటి నుంచి చేత్తో ఎత్తే దారి ఉందా అని అడగండి. షట్టరు మూసి ఉందో లేదో ఫోనులో చూసుకునే సెన్సారును ముందు పెట్టించుకోండి, ఎత్తే బటన్‌ను ఆ తర్వాత. కింద కాంతి కిరణం బిగించనిదే ఫోనులో దించే బటన్ మాత్రం పెట్టించుకోకండి.